అంబాసిడర్ సస్పెన్షన్: మెత్తదనం పోకుండా రోడ్డు పట్టు పెంచుకోవడం

పాతబండి_86:
అందరికీ నమస్కారం. బండి 1986 అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్. ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగ్‌లా పనిచేసే కడ్డీలు), వెనక కమాన్లు (పట్టీ స్ప్రింగులు), నాలుగు చక్రాలకీ టెలిస్కోపిక్ షాకబ్జర్లే. ఇంజన్, బ్రేకుల పని అయిపోయింది. మిగిలింది సస్పెన్షన్.

పాత ఓనరు చేయించినవి: వెనక ఒక్కో వైపు ఒక కమాన్ పట్టీ అదనం, దాంతో వెనక భాగం 35 మి.మీ. లేచింది. ముందు టార్షన్ బార్ అడ్జస్టర్‌తో 25 మి.మీ. దించారు. పాత రిమ్ముల మీదే 195/65 ఆర్15 (195 మి.మీ. వెడల్పు, 15 అంగుళాల రిమ్‌కి) టైర్లు ఎక్కించారు.

ఇబ్బందులు: ఒకరిద్దరితో కాలనీ రోడ్ల మీద వెళ్తే వెనక కుదుపు నేరుగా నడుముకి తగులుతుంది. ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్) మీద 80 దాటితే స్టీరింగ్ నిలకడగా ఉండదు. మలుపులో ముందు భాగం ఒరుగుతుంది. ఐదుగురూ సామానూ ఉంటే మాత్రం వెనక మెత్తగానే ఉంటుంది.

ఖాళీ బండి వేబ్రిడ్జి తూకం ముందు 640 కిలోలు, వెనక 530. నేను అనుకుంటున్నవి: మందం పెంచిన టార్షన్ బార్లు, గ్యాస్ షాకబ్జర్లు, పాలీయూరితేన్ (పాలీ, రబ్బరు కన్నా గట్టిది) బుష్‌లు, ముందు యాంటీ రోల్ బార్ (మలుపులో ఒరగకుండా రెండు చక్రాలనీ కలిపే కడ్డీ). వీటిలో ఏది ముందు, ఏది అక్కర్లేదు?

స్పీడ్_శీను:
బ్రో, సింపుల్. వెనక బ్లాకులు పెట్టి రెండంగుళాలు దించెయ్, గ్యాస్ షాక్స్ వెయ్, బుష్‌లన్నీ పాలీ. బరువు కిందికి దిగితే రోల్, అదే ఒరగడం, దానంతటదే పోతుంది.

రాణీగంజ్_రెంచ్:
శీనన్నా, జర ఆగు. కొత్త సామాన్ కొనుడు తర్వాత. ఉన్నది ఎట్లున్నదో ముందుగాల చూడాలె.

లోయర్ ఆర్మ్ కింద జాకీ పెట్టి చక్రం గాల్ల లేపు. పైనా కిందా పట్టుకొని ఊపు. ఆట కొడితే లోపల ఒకర్ని బ్రేక్ తొక్కి పట్టమను. తొక్కంగనే ఆట పోయిందంటే వీల్ బేరింగ్. తొక్కినా పోలేదంటే చక్రం పక్కకు తిరిగే స్వివెల్ పిన్ను, దాని కొస పట్టే ట్రనియన్. ఈ ట్రనియన్ మర మీద తిరిగే సామాను. మర అరిగినంక కూడ అట్లనే తోలితే ఒకరోజు పిన్ను బయటికొచ్చి చక్రం పక్కకు పడిపోతది. దీన్ని వదిలిపెట్టి షాకబ్జర్ల గురించి మాట్లాడుడు దండగ. గ్రీజు కొట్టేటప్పుడు చక్రం గాల్లనే ఉండాలె, లేకుంటే బరువు పడే దిక్కుకు గ్రీజు పోదు. పాత గ్రీజు బయటికొచ్చేదాంక కొట్టు.

తర్వాత కుడి ఎడమ పట్టుకొని ఊపు. అండ్ల ఆట ఉంటే టై రాడ్ ఎండ్, లేకపోతే ర్యాక్. వెనకకు పోయి కమాన్ కొసను బాడీకి తగిలించే షాకిల్ దగ్గర పెద్ద స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తి చూడు. బుష్ ముక్కలైతే కమాన్ కన్ను పక్కకు జరుగుడు కండ్లకే కనిపిస్తది. ఓఆర్ఆర్ మీద స్టీరింగ్ ఆగకపోవుడుకు ఇదొక్కటే చాలు ఒక్కోసారి.

లెక్కల_మాష్టారు:
రెంచ్ గారు చెప్పినవన్నీ చూసి, అవి బాగానే ఉన్నాయనుకుందాం. అప్పుడు కూడా ఓఆర్ఆర్ మీద బండి అటూ ఇటూ పోతూనే ఉంటుందండీ. కారణం మీ పోస్టులోనే ఉంది. ముందు 25 మి.మీ. దిగింది, వెనక 35 లేచింది, కలిపి 60. అంబాసిడర్ వీల్‌బేస్ 2464 మి.మీ. అంటే బాడీ మొత్తం సుమారు 1.4 డిగ్రీలు ముందుకి వాలింది. ముందు చక్రాల క్యాస్టర్ (చక్రం పక్కకి తిరిగే పిన్ను వెనక్కి వాలిన కోణం) కూడా అంతే తగ్గిపోతుంది. స్టీరింగ్‌ని తిన్నగా నిలబెట్టేదే క్యాస్టర్. టో (ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం) ఎన్నిసార్లు సరిచేయించినా ఇది తిరిగి రాదు. ఐదుగురు ఎక్కితే వెనక దిగి క్యాస్టర్ కొంత వెనక్కి వస్తుంది. హైవే మీద ఇంటిల్లిపాదితో వెళ్లినప్పుడు స్టీరింగ్ కూడా కుదురుగా ఉంటుందా, గమనించి చెప్పండి.

కాబట్టి మొదటి పని ఎత్తులు సరిచేయడం. దానికి పెద్దగా ఖర్చు కూడా లేదు.

ఇక కుదుపు. అది స్ప్రింగ్ గట్టిదనమా, పట్టీల మధ్య రాపిడా అన్నది తేల్చాలంటే రెండు సిమెంటు బస్తాలు చాలు. బండిని సమతలం మీద పెట్టి, వెనక నాలుగైదుసార్లు ఊపి, దానంతటది ఆగనివ్వండి. వెనక చక్రం హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు నొక్కుడు కూడా కలుస్తుంది, లెక్క చెడుతుంది. డిక్కీలో ఒక బస్తా పెట్టి కొలత, రెండోది పెట్టి కొలత, ఒకటి తీసి కొలత, రెండూ తీసి కొలత. మధ్యలో బండిని ఊపకూడదు, తలుపు కూడా గట్టిగా వేయకూడదు. బస్తాలు ఇరుసుకి ఎంత వెనక ఉన్నాయో కూడా రాయండి.

పాతబండి_86:
రెంచ్ గారూ, ట్రనియన్లు బాగానే ఉన్నాయి, వెనక షాకిల్ బుష్‌లు పోయాయి. మాష్టారూ, మీరన్నది నిజమే, నిండుగా ఉంటే స్టీరింగ్ కూడా కుదురుగా ఉంటోంది.

బస్తాల మధ్యభాగం ఇరుసుకి 60 సెం.మీ. వెనక ఉంది. ఫెండర్ దిగినది: ఒక బస్తాకి 5 మి.మీ., రెండో బస్తాకి మొత్తం 14.5. ఒకటి తీశాక 14, అంటే దాదాపు కదల్లేదు. రెండూ తీశాక కూడా 5 దగ్గరే ఆగింది. ఊపితే మొదటి చోటికి వచ్చింది. టేపు తప్పా అని మళ్లీ చేసినా ఇంతే.

లెక్కల_మాష్టారు:
టేపు తప్పు కాదండీ, రోగం అదే.

బస్తాలు ఇరుసు వెనక ఉన్నాయి కాబట్టి వెనక చక్రాల మీద పడేది 100 కిలోలు కాదు. 0.6 మీటర్లని 2.464తో భాగిస్తే 0.24. అంటే 124 కిలోలు వెనక పడి, ముందు 24 కిలోలు తేలిక అవుతుంది. ఒక్కో చక్రానికి 62 కిలోలు, బస్తాకి 31, అంటే 304 న్యూటన్లు. రెండో బస్తాకి 9.5 మి.మీ. దిగింది. 304ని 9.5తో భాగిస్తే మి.మీ.కి 32 న్యూటన్లు. ఇదీ మీ వెనక స్ప్రింగ్ అసలు గట్టిదనం. మొదటి బస్తాకి 5 మాత్రమే దిగడం, ఒకటి తీసినా పైకి రాకపోవడం రాపిడి. ఒకే బరువు దగ్గర ఎక్కేటప్పుడు 5, దిగేటప్పుడు 14. ఆ 9 మి.మీ. తేడాని 32తో గుణించి సగం చేస్తే ఒక్కో వైపు 144 న్యూటన్లు. రోడ్డు మీద చిన్న గతుకు ఆ రాపిడిని దాటేంత బలంగా కొట్టేదాకా కమాన్ అసలు వంగదు. అప్పటిదాకా మీకున్న స్ప్రింగ్ టైరొక్కటే.

ఇప్పుడు ఊగే వేగం. వెనక ఒక్కో చక్రం మీద 265 కిలోలు. అందులో ఇరుసు, చక్రం, బ్రేకుల వాటా 65 అనుకుంటే స్ప్రింగ్ మోసేది 200. ఆ లెక్కన సెకనుకి 2 ఊగులు. ముందు కూడా ఇలాగే కొలవాలి, మి.మీ.కి 20 న్యూటన్ల దగ్గర తేలితే 275 కిలోలకి సెకనుకి 1.36. కుటుంబం తిరిగే బండిలో వెనక వేగం ముందు కన్నా 10 నుంచి 20 శాతం ఎక్కువ ఉంటే చాలు. గతుకుని ముందు చక్రం ముందు దాటుతుంది, వెనక చక్రం ఆలస్యంగా దాటుతుంది. వెనక కొంచెం వేగంగా ఊగితేనే ఆ ఆలస్యం పూడి, రెండూ కలిసి సమంగా లేచి దిగుతాయి. 1930ల్లో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఓలీ తేల్చిన సంగతి ఇది. మీకు ఇప్పుడు తేడా 48 శాతం.

అదనపు పట్టీ తీస్తే 25 న్యూటన్ల దగ్గరికి రావచ్చు. అప్పుడు ఖాళీగా 1.78. ఒక్కో చక్రానికి 130 కిలోలు పెరిగేంత నింపితే 1.39, దాదాపు ముందుతో సమానం. పాత బండ్లలో ఈ రాజీ తప్పదు. ఖాళీ బండికి, నిండు బండికి ఒకే కమాన్ అంటే రెండు చోట్లా బాగుండడం కుదరదు.

బెజవాడ_కమాన్:
పట్టీ తీయడం అంటే ఇరుసుని కమాన్‌కి పట్టి ఉంచే యు బోల్టులు విప్పి ఒకటి లాగేయడం కాదండి. ఎలాగూ కట్ట దింపుతున్నారు కాబట్టి పూర్తిగా విప్పండి. ఆటోనగర్లో ఏ కమాన్ షాపైనా చేస్తుంది, కానీ పక్కన నిలబడి చేయించుకోండి.

సెంటర్ బోల్టు విప్పేముందు కట్టని వైస్‌లో గానీ రెండు సీ క్లాంపులతో గానీ బిగించాలి. లేకపోతే పట్టీలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి, వేళ్లు పోతాయి. ప్రతి పట్టీనీ వైర్ బ్రష్‌తో తుప్పు వదిలేదాకా రుద్ది, సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ పగులు ఉందేమో కిరసనాయిలు రాసి తుడిచి, సుద్దపొడి చల్లి చూడండి. పగులుంటే గీత తడిగా బయటపడుతుంది. విరిగేది ఎక్కువగా అక్కడే.

పట్టీ కొసలు చూడండి. పై పట్టీ అడుగున గాడి పడి ఉంటుంది. ఆ గాడిలో కింద పట్టీ కొస ఇరుక్కుని జారదు. మీ బస్తా తీసినా పైకి రాకపోవడం అదే. కొస అంచుల్ని గుండ్రంగా అరగదీయండి, గీతలు పట్టీ పొడుగునే ఉండాలి, అడ్డంగా పడకూడదు. అడ్డగీత ఉంటే పట్టీ అక్కడే విరుగుతుంది. గాడి లోతు ఎక్కువైతే ఆ పట్టీ మార్చేయడమే. ప్రతి కొస కింద 3 మి.మీ. హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) ముక్క, పట్టీ వెడల్పుకి సరిపోయేలా, జరిగిపోకుండా చిన్న రివెట్ గానీ అంచు మడత గానీ ఉండాలి. మిగతా పొడుగంతా గ్రాఫైట్ గ్రీజు పల్చగా. కమాన్ క్లిప్పులు వదులుగా వంగేలా వేయండి, సుత్తితో అతికించేస్తే పట్టీలు జారవు.

పట్టీకి గ్యాస్ మంట చూపించనివ్వకండి. ఎర్రగా కాల్చి వంచితే ఆ చోట పదును పోయి నెలల్లో కూర్చుండిపోతుంది. వంపు సరిచేయాలంటే చల్లగానే, ప్రెస్ మీద గానీ సుత్తి దెబ్బతో గానీ. రెండు వైపులా వంపు తేడా 5 మి.మీ. లోపు రావాలి.

నిండు బరువు గురించి బెంగ ఉంటే అడుగున పొట్టి హెల్పర్ పట్టీ వేయించండి, ఖాళీగా ఉన్నప్పుడు పై కట్టకి 15 నుంచి 20 మి.మీ. ఎడంగా ఉండేలా. బండి నిండాకే అది తగులుతుంది. మాష్టారు చెప్పిన రాజీని కొంతవరకు తప్పించుకునే దారి ఇదొక్కటే.

బిగింపు. కొత్త యు బోల్టులే వాడండి, పాతవి సాగిపోయి ఉంటాయి. షాకిల్ బోల్టులు, ముందు కన్ను బోల్టు చేత్తో తిప్పి వదిలేసి, బండి నేల మీదికి దించి, వెనక సీట్లో ఇద్దరు కూర్చున్నాక చివరి బిగింపు. ఇరుసు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ ఆ స్థితిలోనే పట్టుకుని, బండి దిగాక ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది. ఎత్తు తప్పు చూపిస్తుంది, ఏడాది తిరక్కుండా చిరిగిపోతుంది.

స్పీడ్_శీను:
సరే, ఇంత పని ఎందుకు? ఒక పట్టీ తీసి, ఇరుసుకి కమాన్‌కి మధ్య 40 మి.మీ. బ్లాకు పెడితే ఎత్తు తగ్గుతుంది కదా?

బెజవాడ_కమాన్:
తగ్గుతుందండి. కానీ ఇరుసు కమాన్‌కి దూరమయ్యే కొద్దీ ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు, బ్రేక్ వేసినప్పుడు కమాన్‌ని మెలిపెట్టే లీవరు పొడుగవుతుంది. కమాన్ ఎస్ ఆకారంలోకి వంగి, వదిలేసరికి ఇరుసు దడదడలాడుతుంది. పట్టీ తీసిన కట్టకి ఇది ఇంకా ఎక్కువ. పైగా బంప్ స్టాప్‌కి (ఇరుసు మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు ముద్దకి) ఉన్న ఖాళీలో 40 పోతుంది, ఇక మిగిలేది ఎంత? ఎత్తు తగ్గించాలంటే వంపు తగ్గించండి, బ్లాకు పెట్టకండి.

లెక్కల_మాష్టారు:
శీను గారి మొదటి మాటకి కూడా ఇక్కడే జవాబు. బండి దించితే మలుపులో బరువు బయటి చక్రాల మీదికి మారడం కొంచెం తగ్గుతుంది, నిజమే. కానీ ప్రయాణం తగ్గిన సస్పెన్షన్ చిన్న గుంతకే బంప్ స్టాప్‌ని కొడుతుంది. ఆ క్షణంలో స్ప్రింగ్ గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లవుతుంది. మలుపు మధ్యలో కొడితే ఆ చక్రం పట్టు వదిలేస్తుంది. జనం "గట్టి సస్పెన్షన్" అనుకునే దాంట్లో సగం ఇదే. పాతబండి గారూ, బంప్ స్టాప్ కొస మీద పిల్లలు ఆడుకునే రంగుమట్టి ముద్ద అంటించి మీ కాలనీలో ఒక చుట్టు తిరిగి రండి. మట్టి ఎంత చదునైందో చూస్తే తెలిసిపోతుంది.

మోరిస్_లీడ్స్:
ఇక్కడ ఇంగ్లండ్‌లో మోరిస్ బండ్లు చూసేవాణ్ని. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది కాబట్టి ముందు సస్పెన్షన్ గురించి కొన్ని.

అడ్జస్టర్ తిప్పితే టార్షన్ బార్ గట్టిపడదు, మెత్తబడదు. ఎత్తు మాత్రమే మారుతుంది. దించిన బండి గట్టిగా అనిపిస్తే అది మాష్టారు చెప్పిన బంప్ స్టాప్. మీ 25 మి.మీ.ని వెనక్కి తీసుకురండి. టార్షన్ బార్ మీద బండి ముందు భాగం బరువంతా మెలికగా నిలిచి ఉంటుంది. లోయర్ ఆర్మ్‌ని జాకీతో పట్టి ఉంచి, బాడీని స్టాండ్ల మీద నిలబెట్టి, ఆ తర్వాతే ఏ బోల్టయినా. విప్పేముందు బారు మీద, ఆర్మ్ మీద, లీవర్ మీద పెయింటుతో ఒకే గీత గీయండి. కుడి బారు కుడికే, ఎడమ బారు ఎడమకే. తయారీలోనే ఒక దిక్కుకి మెలితిప్పి అలవాటు చేసినవి, తారుమారు చేస్తే కూర్చుంటాయి, విరగొచ్చు. పైపు రెంచ్, ప్లయర్ బారుకి తగలనివ్వకండి. ఒక్క గీత పడ్డా అలసట పగులు అక్కడే మొదలవుతుంది. బారు మీద పెయింట్ ఊడితే తుప్పు పట్టకముందే మళ్లీ వేయండి.

ఇంకోటి. వీటికి విడి ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. టార్షన్ బార్ వెనక కొస పట్టుకునే అడ్డ బీము, కమాన్ ముందు హ్యాంగర్ దగ్గర ఫ్లోరు తుప్పు పడితే ఎన్ని కొత్త సామాన్లు వేసినా అక్కడే కదులుతుంది. స్క్రూడ్రైవర్ కొసతో పొడిచి చూడండి.

మందం బార్ల సంగతి. గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 5 శాతం మందం పెంచితే దాదాపు 22 శాతం, 10 శాతం పెంచితే 46 శాతం. మీ 20 న్యూటన్లు 29 అవుతాయి, 1.36 ఊగులు 1.64 అవుతాయి. కాలనీ రోడ్లకి అది ఎక్కువ. నేనైతే ఉన్న బార్లే ఉంచుతాను.

ఈ చర్చ చదివే పాత మార్క్ మోడళ్ల వాళ్లకి: మీ బండికి లీవర్ షాకబ్జర్ ఉండి, ఆ లీవరే పై ఆర్మ్ పని చేస్తుంటే దాన్ని పీకి టెలిస్కోపిక్ వేయడం కుదరదు, పై ఆర్మ్ పోతుంది. టెలిస్కోపిక్ పక్కన చేర్చినా లీవర్ ఉండాలి, దాని ఇరుసుకి కందెనగా లోపల నూనె ఉండాలి. బైకు ఫోర్క్ ఆయిల్ 20 గ్రేడ్ పనిచేస్తుంది. బ్రేక్ ఆయిల్ పోయొద్దు.

పాతబండి_86:
వెనక పని అయింది. అదనపు పట్టీ తీశాం, కొసల కింద ముక్కలు, కొత్త బుష్‌లు రబ్బరువే, హెల్పర్ పట్టీ పెట్టాం. ముందు ఎత్తు మళ్లీ పాత చోటికి. అవే బస్తాలు, అదే చోటు: 9, 21, ఒకటి తీశాక 15, రెండూ తీశాక 3.

ఓఆర్ఆర్ మీద స్టీరింగ్ ఇప్పుడు వదిలేసినా తిన్నగా పోతోంది, పార్కింగ్‌లో కొంచెం బరువెక్కింది. చిన్న గతుకులు తెలియట్లేదు. కానీ కొత్త బాధ: ఫ్లైఓవర్ జాయింట్ దాటాక వెనక రెండు మూడుసార్లు ఊగుతోంది. ఇంతకు ముందు ఇది లేదు.

లెక్కల_మాష్టారు:
ఉండేదండీ, తెలియలేదంతే. ఇంతకు ముందు ఊగుడు ఆపింది షాకబ్జర్ కాదు, తుప్పు. రాపిడి 144 నుంచి 75 న్యూటన్లకి దిగింది, స్ప్రింగ్ 25కి వచ్చింది. అరిగిపోయిన షాకబ్జర్ ఇప్పుడు బయటపడింది.

ఎంత కావాలో లెక్క: 25 న్యూటన్లు, 200 కిలోలకి ఊగుడు పూర్తిగా ఆపే డ్యాంపింగ్ మీటర్/సెకనుకి సుమారు 4470 న్యూటన్లు. మెత్తదనం కావాలంటే అందులో పావు, అంటే చక్రం దగ్గర 1120. మీ వెనక షాకబ్జర్ ఎంత వాలుగా ఉందో కొలవండి. నిలువుకి 35 డిగ్రీలు వాలితే దాని పని 67 శాతమే అందుతుంది, కాబట్టి షాకబ్జర్‌కి 1670 కావాలి. దాన్ని రీబౌండ్ (షాకబ్జర్ తిరిగి సాగడం) రెండు వంతులు, నొక్కుడు ఒక వంతుగా పంచితే, సెకనుకి 0.3 మీటర్ల దగ్గర రీబౌండ్ 670 న్యూటన్లు, నొక్కుడు 335. షాకబ్జర్లు రీవాల్వ్ చేసేవాళ్లకి, అంటే లోపలి వాల్వులు మార్చేవాళ్లకి, ఈ రెండు అంకెలు ఇస్తే చాలు, "స్పోర్ట్స్" "కంఫర్ట్" అన్న మాటలతో పని లేదు. నిండు బండికి ఈ పావు వంతు ఇరవై శాతానికి పడిపోతుంది. అది సరిపోతుంది.

నొక్కుడు వైపు పెంచకండి. స్పీడ్ బ్రేకర్ మీద నడుముకి తగిలేది అదే. రీబౌండ్ కూడా మరీ ఎక్కువైతే వరస గతుకుల మీద చక్రం కిందికి తిరిగి రాకముందే రెండోది తగులుతుంది. బండి మెల్లగా కూర్చుండిపోయి బంప్ స్టాప్‌ల మీద నడుస్తుంది. ఫెండర్ నొక్కి వదిలి చూసే పరీక్ష నెమ్మది వేగానిది, గుంత దెబ్బ గురించి అది ఏమీ చెప్పదు.

రాణీగంజ్_రెంచ్:
కొనేముందు పొడుగు చూడాలె. ఇరుసును పైకి బంప్ స్టాప్ తగిలేదాంక లేపి షాకబ్జర్ రెండు బోల్టుల మధ్య కొలువు. మొత్తం వేలాడదీసి మళ్ల కొలువు. కొత్తది ముడుచుకున్నప్పుడు మొదటి కొలత కంటే 15 మి.మీ. పొట్టిగ ఉండాలె, సాగినప్పుడు రెండో కొలత కంటే 15 పొడుగు. లేకుంటే షాకబ్జరే స్టాపర్ అయితది, నెలరోజులల్ల బ్రాకెట్ పగులుతది.

గ్యాస్ అంటే మోజు పడకు. మోనోట్యూబ్‌ల (ఒక్క గొట్టం షాకబ్జర్ల) గ్యాస్ 20 బార్ ఉంటది. 11 మి.మీ. రాడ్‌ను 19 కిలోల బలంతోని బయటికి తోస్తది. బండి లేస్తది, సీల్ రాపిడి గూడ పెరుగుతది. ఇప్పుడే రాపిడి తగ్గించుకున్నవ్ గదా. రెండు గొట్టాల నూనె ట్విన్‌ట్యూబ్ గాని, తక్కువ ప్రెషర్ గ్యాస్ గాని మంచిగుంటది.

స్పీడ్_శీను:
టైర్లు? 195/65 ఉంది కదా, ఇంకా వెడల్పు వేస్తే గ్రిప్ పెరుగుతుంది.

మోరిస్_లీడ్స్:
ఉన్నవే ఎక్కువ శీనూ. 195/65కి కనీసం 5.5 అంగుళాల రిమ్ కావాలి. పాత రిమ్ములు అంతకన్నా సన్నమైతే వాటి ఒత్తిడికి పక్కగోడలు లోపలికి ముడుచుకుని, మలుపులో టైరు పక్కకి దొర్లుతుంది. ముందు ఒరిగినట్టు అనిపించేదాంట్లో కొంత బాడీది కాదు, టైరుదే. బండికి అసలు వచ్చినది 5.90-15 క్రాస్‌ప్లై (రేడియల్‌కి ముందటి పాతరకం టైరు), దానికి సరితూగే రేడియల్ 165 ఆర్15, 4 అంగుళాల రిమ్ చాలు. 185/65 వేయాలంటే 5 అంగుళాల రిమ్. రిమ్ మీద అచ్చు చూసి నిర్ణయించుకోండి. 165 వేస్తే చుట్టు వ్యాసం 195/65 కన్నా ఒక సెంటీమీటరుకి పైగా ఎక్కువ, బండి అందులో సగం లేస్తుంది. పక్కగోడ ఎత్తు పెరగడం మెత్తదనానికి కూడా మేలు. గాలి ముందూ వెనకా 28 పీఎస్ఐతో మొదలుపెట్టి, నిండుగా వెళ్లేటప్పుడు వెనక 32.

పాతబండి_86:
165 దొరికాయి. ఇక మిగిలింది యాంటీ రోల్ బార్, పాలీ బుష్‌లు. వెనక కూడా బార్ వేయించమని కొందరంటున్నారు.

లెక్కల_మాష్టారు:
వెనక వద్దు. ఖాళీ బండిలో వెనక తేలిక. బార్ వేస్తే మలుపులో లోపలి వెనక చక్రం ఇంకా తేలికవుతుంది, వానలో తోక జారుతుంది. ముందు మాత్రం సన్నది. ఇక్కడా నాలుగో ఘాతమే: 16 బదులు 18 మి.మీ. వేస్తే 60 శాతం, 20 వేస్తే రెండున్నర రెట్లకి దగ్గర. రెండు చక్రాలూ కలిసి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే బార్ ఏ పనీ చేయదు. ఒక పక్క గుంతలో పడితే మాత్రం రెండో పక్కని కూడా లాగుతుంది, తల అటూ ఇటూ కొట్టుకుంటుంది. 16తో మొదలుపెట్టండి.

మోరిస్_లీడ్స్:
నా అభిప్రాయం కొంచెం వేరు. ఎత్తులు, టైర్లు, షాకబ్జర్లు సరయ్యాక ముందు బార్ కూడా అవసరమో కాదో తోలి చూశాకే. ఈ బండి కొంత ఒరుగుతుంది, ఒరిగినంత మాత్రాన పట్టు లేనట్టు కాదు. బ్రాకెట్ల కోసం అడ్డ బీముకి వెల్డింగ్ చేయించే ముందు ఇంకోటి కూడా ఆలోచించండి: 2021 వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల్లో 50 ఏళ్లు దాటిన బండికి ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. 2036లో మీ బండికి ఆ వయసు వస్తుంది. బోల్టులతో బిగించే క్లాంప్ అయితే తీసేయొచ్చు.

బెజవాడ_కమాన్:
పాలీ గురించి. కమాన్ కన్నుల్లో వద్దు. బండి ఒరిగినప్పుడు కమాన్ మెలితిరగాలి, గట్టి బుష్ దాన్ని ఒప్పుకోదు. వెనక రోల్ బార్ వేసినట్టే అవుతుంది, అది వద్దని మాష్టారు ఇప్పుడేగా చెప్పారు. రోడ్డు చప్పుడు కూడా లోపలికొస్తుంది. యాంటీ రోల్ బార్ పెట్టుకుంటే దాని మౌంటు బుష్‌లు పాలీ వేసుకోండి, సిలికాన్ గ్రీజు పూసి. మామూలు గ్రీజు రబ్బరుకి పడదు, రబ్బరు బుష్ ఉన్న చోట వాడొద్దు.

రాణీగంజ్_రెంచ్:
బార్ వేసినా వెయ్యకున్నా, అలైన్‌మెంట్‌కు పొయ్యేటప్పుడు డ్రైవర్ సీట్ల నీ అంత బరువు పెట్టు, ట్యాంకు సగం ఉండాలె. మాన్యువల్ల టో-ఇన్ క్రాస్‌ప్లైకి రాసింది. రేడియల్‌కు 1 మి.మీ. దగ్గర పెట్టమను, టైరు లోపలంచు బయటంచు సమంగ అరుగుతున్నయా చూస్కో. క్యాస్టర్ కాయితం మీద కుడి ఎడమ తేడా అర డిగ్రీ దాటితే బండి ఒక పక్కకు గుంజుతది, అప్పుడు రెండు దిక్కుల ఎత్తు మళ్ల కొలువు. బార్ వేస్తే స్టీరింగ్ ఒక మూల నుంచి ఇంకో మూలకు తిప్పి, చక్రం మొత్తం వేలాడదీసి, మొత్తం లేపి, టై రాడ్‌కు, ఇంజన్ కింద నూనె సంపుకు తగుల్తలేదని చూసినంకనే బయటికి తియ్యి. యు బోల్టులు 500 కిలోమీటర్లకు మళ్ల బిగియ్యి. కొత్త ముక్కలు కూర్చుంటయి, బోల్టు తప్పకుండ వదులైతది.